ఆబ్జెక్టులకు ఆద్యుడు – క్రిస్టెన్ నైగార్డ్

కంప్యూటర్ కోర్సులో చేరిన మనకు మొదట ఎదురయ్యే మాటలు క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్‌హెరిటెన్స్. నిర్వచనాలు బట్టీపట్టి పరీక్ష రాసేస్తాం గాని, ఇవి ఎవరికి, ఎందుకు తోచాయో అడగం. అందుకే ఈ సంచికలో నార్వే దేశస్థుడు క్రిస్టెన్ నైగార్డ్ గురించి రాస్తున్నాం.

ఆయన 1926 ఆగస్టు 27న ఓస్లోలో జన్మించారు. గణితం చదివి, 1948 నుండి 1960 వరకు రక్షణ పరిశోధనా సంస్థలో పనిచేసి, ఆ తర్వాత నార్వే కంప్యూటింగ్ సెంటర్‌కు వచ్చారు. క్యూలు కట్టే చోట ఏం జరుగుతుందో ముందే కంప్యూటర్‌లో నడిపి చూడాలన్నది ఆయన తపన. అందుకోసం ఓలే యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే భాషను తయారుచేశారు.

వారు ఆలోచించిన ఉదాహరణల్లో ఒకటి వంతెన దగ్గరి టోల్‌గేటు. లారీ, బస్సు, కారు వరుసలో నిలబడతాయి. అన్నిటికీ ఉండే లక్షణాలను వాహనం అనే క్లాసులో ఒక్కసారే రాస్తే చాలు. లారీ తన బరువును, బస్సు తన ప్రయాణికుల సంఖ్యను అదనంగా చేర్చుకుంటాయి. ఇదే ఇన్‌హెరిటెన్స్. క్లాస్ అంటే ఖాళీ దరఖాస్తు ఫారం, ఆబ్జెక్ట్ అంటే నింపిన ఫారం అని మనం చెప్పుకుంటాం. అది సగమే నిజం. ఫారం ఏ పనీ చేయదు. ఆబ్జెక్ట్ తన వివరాలతోపాటు తన పనినీ తనలోనే ఉంచుకుంటుంది.

బోర్డు ముందు ఇద్దరు మనుషులు భయంకరంగా పోట్లాడుకుంటున్నారని కొత్తగా చేరిన ఒక ఉద్యోగి కంగారుపడితే, అది డాల్, నైగార్డ్‌ల చర్చేనని టెలిఫోన్ ఆపరేటర్ సర్దిచెప్పిందట! అలాంటి చర్చల్లోంచే 1967లో సిమ్యులా 67 వచ్చింది. స్మాల్‌టాక్, సి++ దాని ప్రభావంతో పుట్టినవే.

మాకు ఎక్కువగా నచ్చింది తర్వాతి కథ. తన భాషతో యాజమాన్యాలు కార్మికుల పనిని వారిని అడగకుండానే మార్చేయగలవని నైగార్డ్ గ్రహించారు. తాను చేసిన దానివల్ల ఎవరికి నష్టమో ఆలోచించేవారు ఎంతమంది ఉంటారు? 1970 దశకం మొదట్లో ఆయన ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. ఫ్యాక్టరీకి వచ్చే కంప్యూటర్ గురించి కార్మికులే చదివి, తెలుసుకుని, యాజమాన్యంతో మాట్లాడేలా వారికోసం పాఠ్యపుస్తకం కూడా రాశారు.

2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇద్దరికీ కలిపి దక్కింది. 2002 జూన్ 29న డాల్ మరణించారు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 10న, నైగార్డ్ కూడా కన్నుమూశారు.