చేతుల కావలి: డాక్టరు పాల్ బ్రాండు జీవితము

పులికాటు సరస్సు ఒడ్డున పెరిగిన పిల్లల చేతులు చూచినచో ఆ తావుల బ్రదుకెట్టిదో తెలియును. వలత్రాడు లాగి లాగి అరచేతులు కాయలు కాచియుండును. ఉప్పునీట నానిన వ్రేళ్లు పగులును. చేపముల్లు గ్రుచ్చుకొన్నచో గోటిక్రింద వాచి రాత్రియెల్ల సలుపును. మరునాడు ఆ చేతికి పని చెప్పక దాచుకొందుము; అందుచేతనే గాయము మానును. బాల్యమందు మనమందరము నొప్పిని శత్రువుగా తలంతుము. అది మన చేతులకు దేవుడు పెట్టిన కావలి యని లోకమునకు తెలియజెప్పిన వైద్యుడొకడు మన చిత్తూరుసీమకు ప్రక్కనేయున్న రాయవేలూరిలో సుమారు ఇరువది సంవత్సరములు పనిచేసెను. ఆయనయే డాక్టరు పాల్ బ్రాండు.

పాల్ బ్రాండు 1914 జూలై 17వ తేదీన తమిళదేశమందలి కొల్లిమలలలో జన్మించెను. తండ్రి జెస్సీ, తల్లి ఇవెలిన్. ఇరువురును ఇంగ్లండు నుండి వచ్చిన మిషనరీలు. తండ్రి ఆ కొండవాసులకు మందులిచ్చుటయేగాక, ఇండ్లు కట్టుట, తోటలు వేయుట మున్నగు పనులుకూడ నేర్పుచుండెను. పాల్ తన చెల్లెలితో కలసి చెట్లెక్కుచు, కొండకాలువలలో ఆడుకొనుచు పెరిగెను. 1923లో తొమ్మిదేండ్ల బాలుని చదువునకై ఇంగ్లండునకు పంపిరి. ఆ వెళ్లుటయే తండ్రికిని కుమారునికిని కడపటి ఎడబాటయ్యెను. 1929లో జెస్సీ బ్రాండు కొండలలోనే విషజ్వరముచే మరణించెను. తల్లి మాత్రము 1974లో తొంబదియైదేండ్ల వయస్సున కన్నుమూయువరకు కొండప్రజల సేవయందే యుండెను.

చిన్ననాడు తండ్రి పుండ్లు కడుగుట చూచి పాల్‌నకు వైద్యవృత్తియందు ఏవగింపు కలిగియుండెను. కావున బడి విడిచిన పిమ్మట గృహనిర్మాణపు పనిలో చేరి, వడ్రంగమును తాపీపనియు కొన్ని సంవత్సరములు నేర్చుకొనెను. తరువాత మనసు మారి లండనులో వైద్యవిద్య నభ్యసించెను. అది యుద్ధకాలము. నగరముపై బాంబులు కురియుచుండగా గాయపడినవారికి శస్త్రచికిత్స చేయుచు ఆయన చేయి తిరిగిన వైద్యుడయ్యెను. 1943లో తన సహాధ్యాయినియగు మార్గరెట్ బెర్రీని వివాహమాడెను. 1946 చివర, ఐడా స్కడర్ అమ్మగారు స్థాపించిన రాయవేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలో శస్త్రవైద్యుడుగా వచ్చి చేరెను.

అచ్చటికి వచ్చిన కొలదికాలమునకే చెంగల్పట్టు కుష్ఠరోగుల ఆసుపత్రిని చూడ వెళ్లెను. దాని అధిపతి డాక్టరు రాబర్ట్ కాక్రేన్. ఆ రోగుల వ్రేళ్లు గ్రద్దగోళ్లవలె లోనికి ముడుచుకొనియుండెను. ఎముకల వైద్యులు ఇట్టి చేతుల నేల పట్టించుకొనలేదని బ్రాండునకు ఆశ్చర్యము కలిగెను. ఆయన ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి గట్టిగా నొక్కుమనెను. పట్టు ఉండదని తలంచిన ఆయన మరుక్షణమే బాధతో చేయి విడువుమనవలసివచ్చెను. ఆ రోగికి మాత్రము తానెంత గట్టిగా నొక్కుచున్నాడో తెలియనే తెలియదు. ఆ యొక్క క్షణమున బ్రాండునకు రెండు సంగతులు బోధపడెను. చచ్చినదనుకొన్న చేతిలో బలమున్నది. లేనిది స్పర్శజ్ఞానము.

ఆయన పరిశోధన సాగించెను. ఈ వ్యాధి మోచేతి దగ్గర చర్మమునకు మిక్కిలి సమీపముగా పోవు నరమును చెరచును. అందువలన అరచేతిలోని చిన్న కండరములు చచ్చుపడి, వ్రేళ్లు ముడుచుకొనును. కాని ముంజేతిలోని పెద్ద కండరములు చెక్కుచెదరక యుండును. అట్టి కండరమొకదానిని ఎముకకు తగిలించియుండు త్రాడువంటి స్నాయువును తప్పించి, వేరుచోట అతికించినయెడల వ్రేళ్లు మరల చాచుకొనగలవు. 1947వ సంవత్సర ప్రాంతమున బ్రాండు ఈ శస్త్రచికిత్సల నారంభించెను. కత్తిపనితో పని ముగియలేదు. నిన్నటివరకు వ్రేలిని వంచిన కండరమునకు నేడు దానిని చాచుట నేర్పవలెను. వారములకొలది అభ్యాసము చేయించగా, ఏండ్లతరబడి పిడికిలి విప్పనివారు తమ చేతితో అన్నము కలుపుకొని తినిరి.

అయినను ఒక చిక్కు తీరలేదు. బాగైన వ్రేళ్లకుకూడ మరల పుండ్లు పడుచుండెను. కొందరి వ్రేళ్లు కుఱుచలగుచుండెను. కుష్ఠరోగము మాంసమును కుళ్లజేసి వ్రేళ్లను రాల్చునని యప్పటికి లోకము నమ్మియుండెను. కాని ఆ చేతులలో ఒక వింత గలదు. వ్రేలు అరిగి మొండియైనను, ఆ మొండి కొనయందు చిన్న గోరు నిలిచియుండుట తరచు కానవచ్చును. వ్యాధియే కొననుండి తినివేయుచున్నచో మొట్టమొదట పోవలసినది గోరేకదా!

ఒకనాడు తుప్పుపట్టిన తాళమును బ్రాండు తెరువలేకపోగా, రోగియగు ఒక బాలుడు ముందుకు వచ్చి తాళపుచెవిని అవలీలగా త్రిప్పెను. వెంటనే నేలపై నెత్తురు చుక్కలు పడెను. చూడగా ఆ చెవి బాలుని వ్రేలిని ఎముకవరకు కోసియుండెను, బాలునికి తెలియలేదు. రాత్రి నిద్రపోయిన రోగుల వ్రేళ్లు తెల్లవారుసరికి కొఱికివేయబడియుండగా, కాపలా పెట్టి చూచినప్పుడు ఎలుకలు కొఱుకుచున్నవని తేలెను. అంతట రోగులకు తోడుగా పిల్లులనిచ్చిరి. వేడి గిన్నె, మొరటు పిడి, బూటు మేకు, చిన్న ముల్లు: ఇవియే చేతులకును కాళ్లకును నిజమైన శత్రువులు. దెబ్బ తగిలిన చేతికి నొప్పి లేనందున విశ్రాంతి లేదు. విశ్రాంతి లేనందున చీము పట్టి లోని ఎముక కరగిపోవును.

కారణము తెలిసిన పిమ్మట నివారణము సులభమయ్యెను. నొప్పి చేయవలసిన కావలిని కన్ను చేయవలెను. రోగి ప్రతిదినము తన చేతులను వ్రేలువ్రేలుగా పరీక్షించుకొనవలెను. చెమట పట్టక ఎండి పగులు చర్మమును నీట నానబెట్టి, నూనె రాయవలెను. వేడిపాత్రను గుడ్డతో పట్టవలెను. పనిముట్ల పిడులను నున్నగా చేసికొనవలెను. గోళ్లను పెరుగనీయక, కండ తెగకుండ మెల్లగా కత్తిరించుకొనవలెను. చిన్న పుండైనను మానువరకు ఆ చేతికి విశ్రాంతి యీయవలెను.

ఇంతచేసినను కొందరు రోగులు దుఃఖముతో తిరిగివచ్చిరి. వంకరచేతులకు బిచ్చము దొరకుచుండెను; చక్కనైన చేతులకు బిచ్చమును దొరకదు, కుష్ఠు పేరు విన్నవారు పనియు నీయరు. చేయి నిచ్చి బ్రదుకుతెరువు నీయకున్న ఏమి ఫలము? ఈ ప్రశ్న బ్రాండును బాధించెను. 1951లో వేలూరిలో నవజీవన కేంద్రము వెలసెను. అచ్చట చిన్న గుడిసెలలో నివసించుచు రోగులు వడ్రంగము నేర్చి, కొయ్యబొమ్మలు చేసిరి. యౌవనమున వృథాయైనవని తోచిన ఆ వడ్రంగపు సంవత్సరములు ఇచ్చట అక్కరకు వచ్చెను. ఉలి యెట్లు పట్టిన చేయి గాయపడదో ఆయన దగ్గరనుండి నేర్పెను. మార్గరెట్ అమ్మగారు కుష్ఠరోగుల నేత్రచికిత్సయందు ప్రసిద్ధురాలయ్యెను. 1955లో వేలూరికి సమీపమున కరిగిరిలో కుష్ఠరోగ పరిశోధనాలయము స్థాపింపబడి, నానాదేశముల వైద్యులు ఈ చికిత్స నేర్చుకొనుటకు వచ్చిరి.

1966లో ఆయన అమెరికాలోని లూసియానాయందలి కార్విల్ కుష్ఠరోగుల ఆసుపత్రికి వెళ్లెను. మధుమేహముచే పాదముల స్పర్శ పోయినవారికిని ఇదే సూత్రము వర్తించునని అచ్చట చూపెను. నేడు మన యిండ్లలో పెద్దలను వైద్యులు దినదినము పాదములు చూచుకొనుడని హెచ్చరించుట ఈ సూత్రము ననుసరించియే. 2003 జూలై 8వ తేదీన సియాటిల్ నగరమున, ఎనుబదియెనిమిదేండ్ల వయస్సున, ఆయన పరమపదించెను.

1980 ప్రాంతమునుండి మందులను కలిపి యిచ్చు చికిత్స వచ్చినందున కుష్ఠరోగము పూర్తిగా నయమగుచున్నది. ఆఱు మాసములనుండి ఒక సంవత్సరములోపల మందు ముగియును. అయినను మన దేశమున ఏటేట క్రొత్త రోగులు కనబడుచునే యున్నారు. ఆలసించిన నరము చచ్చును. చచ్చిన నరమును మందు బ్రదికింపజాలదు. ఒంటిమీద స్పర్శలేని మచ్చ కనబడిన వెంటనే సిగ్గుపడక వైద్యునికి చూపవలయును. అట్టివారిని చూచి మొగము త్రిప్పుకొనుట వ్యాధికంటె క్రూరమైనది.

బాలబాలికలారా! ఉపాధ్యాయులు మీ గోళ్లు చూతుమని చేతులు చాపుమన్నప్పుడు విసుగుకొనకుడు. ఆ క్షణమున మీ పది వ్రేళ్లను మీరును చూచుకొనుడు. ముల్లు గ్రుచ్చుకొనిన నొప్పి తెలియుచున్నదా? అది తెలియక వ్రేళ్లు పోగొట్టుకొన్నవారెందరో గలరు. అట్టివారెవరైన మీకెదురై చేయి చాచినయెడల, ఆ చేతిని ముందుగా చేతబట్టిన ఈ వైద్యుని తలంచుకొనుడు.