రేఖాశిల్పి ఫ్లాక్స్‌మన్

జాన్ ఫ్లాక్స్‌మన్ 1755లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి ప్లాస్టర్ బొమ్మలు పోతపోసి అమ్మేవాడు. బాల్యం నుండి రోగపీడితుడై, చంకకర్రల సాయంతో నడిచిన ఆ బాలుడు లండన్‌లోని తండ్రి దుకాణంలో ఒక మూల కూర్చొని, గ్రీకు దేవతల బొమ్మలను చూచి గీస్తూ కాలం గడిపాడు. బడి చదువు అంతగా అబ్బలేదు. మాథ్యూ అనే మతగురువు అతనిని ఆదరించాడు. ఆయన భార్య హోమర్ కావ్యాలను చదివి వినిపిస్తుంటే, విన్న ఘట్టాలను అతడు అక్కడే చిత్రించేవాడట!

1775 నుండి వెడ్జ్‌వుడ్ పింగాణీ కర్మాగారానికి నమూనాలు చేశాడు. ఆ పాత్రలపై బొమ్మలు ఒకే రంగు నేపథ్యం మీద తెల్లగా ఉబికి ఉంటాయి. కథనంతా ఆకృతుల అంచులే చెప్పాలి. పొట్టకూటికి చేసిన ఆ పనే అతని చేతికి పొదుపు నేర్పింది.

1782లో ఆన్ డెన్మన్‌ను వివాహమాడాడు. పెండ్లితో కళాకారుడిగా అతని భవిష్యత్తు నాశనమైందని రాయల్ అకాడమీ అధ్యక్షుడు రేనాల్డ్స్ అన్నాడని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ మాట దంపతుల మనసులో ముల్లులా నాటుకొంది. పొదుపుగా బ్రతికి ధనం కూడబెట్టి, 1787లో ఇరువురూ కళాధ్యయనానికి రోముకు పయనమయ్యారు.

శిల్పిగా కీర్తి గడించాలన్నది అతని ఆశ. కాని కీర్తి మరొక దారిన వచ్చింది. శ్రీమతి హేర్ నేలర్ కోరగా, స్వల్ప పారితోషికానికి ఇలియడ్, ఒడిస్సీ కథాఘట్టాలను కలంతో, సిరాతో చిత్రించాడు. పిరోలీ వాటిని రాగిరేకులపై చెక్కగా 1793లో అచ్చయ్యాయి. యుద్ధంలో కూలిన సర్పెడాన్ దేహాన్ని నిద్ర, మృత్యువు అనే కవల సోదరులు స్వదేశానికి మోసుకొనిపోయే చిత్రాన్ని చూడండి. రెక్కలు గల రెండు ఆకృతులు, నడుమ వాలిన శరీరం. నీడలు పూయలేదు, సన్నని గీత మాత్రమే. ప్రాణం పోయిన దేహపు బరువును ఆ గీతే తెలుపుతుంది. చుట్టూ ఉన్న తెల్లని కాగితమే ఆకాశమవుతుంది.

ఇటువంటి రేఖాచిత్రం కవిత్వం వలె చూపరి ఊహను మేల్కొలుపుతుందని జర్మన్ విమర్శకుడు ఆగస్ట్ ష్లెగెల్ 1799లో వివరించాడు. మన ఆనందవర్ధనుని ధ్వని సిద్ధాంతం తెలిసిన వారికి ఈ మాట కొత్తగా తోచదు. స్పెయిన్ చిత్రకారుడు గోయా, ఫ్రెంచి చిత్రకారుడు ఇంగ్ర్ ఆ గీతల నుండి ఎంతో గ్రహించారు.

1794లో స్వదేశం చేరిన ఫ్లాక్స్‌మన్ 1810లో రాయల్ అకాడమీలో తొలి శిల్పకళాచార్యుడయ్యాడు. 1826లో మరణించాడు. తంజావూరు పాలకుడు శరభోజి తన గురుతుల్యుడైన ష్వార్జ్ స్మృతికై చేయించుకొన్న పాలరాతి ఫలకం ఇతని పనితనమే. మరణశయ్యపై ఉన్న గురువు చేతిని అందులో రాజు పట్టుకొని ఉంటాడు.