ఎవరో రాసిచ్చారట!
(ఎమిలీ దు షాత్లే, 1706–1749)

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో తత్వవేత్తలు ఎంత గొప్ప పుస్తకాలు రాశారో మన చరిత్ర పాఠంలో ఉంది. వాళ్లలో వాళ్లు ఎంతలా పోట్లాడుకున్నారో మాత్రం లేదు. వోల్టేరుకూ రూసోకూ ఉప్పూ నిప్పూ. రూసోను ఆదుకుని ఇంగ్లండు తీసుకెళ్లిన హ్యూము కొద్ది నెలల్లోనే ఆయనకు శత్రువై కూర్చున్నాడు. దిదెరో, రూసో ప్రాణస్నేహితులుగా మొదలై చివరికి ఒకరి మొహం ఒకరు చూసుకోని స్థితికి వచ్చారు. వీటిలో చాలావాటికి మూలం అనుమానమో, అసూయో. చదువుతుంటే కాలక్షేపం అవుతుంది గాని చేతికి మిగిలేది తక్కువ.

నేను చెప్పబోయే తగాదా ఇంకో రకం. అందులో ఒక పక్క పారిస్ సైన్సు అకాడమీ కార్యదర్శి, అరవై దాటిన పెద్దాయన. రెండో పక్క ముప్ఫై నాలుగేళ్ల ఇల్లాలు. తగవు వచ్చింది నగల గురించీ కాదు, పరువు గురించీ కాదు, కదిలే వస్తువులో బలం ఎంత ఉంటుంది అనే లెక్క గురించి. ఆ ఇల్లాలే ఎమిలీ దు షాత్లే.

ఆమె 1706 డిసెంబరు 17న పారిస్‌లో పుట్టింది. తండ్రి పదునాలుగో లూయీ కొలువులో విదేశీ రాయబారులను రాజుగారి ముందుకు తీసుకెళ్లే ఉద్యోగి. ఇంట్లో డబ్బుకు లోటు లేదు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడపిల్లలను కాన్వెంటులో పెట్టి ప్రార్థనలు, కుట్టుపని, కాస్త నాట్యం నేర్పించి పెళ్లి చేసేవారు. ఎమిలీకి మాత్రం లాటిను వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది, ఇటాలియను వచ్చింది. పద్దెనిమిదేళ్లకు పెళ్లయింది. భర్త మార్క్వీస్ దు షాత్లే సైన్యంలో అధికారి, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ముగ్గురు పిల్లలు పుట్టారు, చివరివాడు పసితనంలోనే పోయాడు.

ఇరవై ఆరేళ్లు దాటాక ఆమె మళ్లీ లెక్కల పుస్తకాలు పట్టింది. మన ఇళ్లలో అయితే ఇప్పుడు నీకు చదువెందుకమ్మా అనే వయసు అది! గురువులు మాత్రం సామాన్యులు కారు. ఒకరు మొపెర్త్యుయి, ఇంకొకరు క్లెరో. ఇద్దరూ అకాడమీ సభ్యులు. ఆ అకాడమీలోకి ఆడవాళ్లకు సభ్యత్వం లేదు గనక అకాడమీయే పాఠాల రూపంలో ఇంటికి రావలసి వచ్చింది.

ఆ కాలంలోనే వోల్టేరు పరిచయమయ్యాడు. 1734లో ఆయన రాసిన ఒక పుస్తకం మీద ప్రభుత్వం కన్నెర్రజేసి అరెస్టు వారంటు తెచ్చింది. ఆయన పారిస్ వదిలి, షాత్లే కుటుంబానికి సిరే అనే పల్లెలో ఉన్న పాత కోటలో తలదాచుకున్నాడు. తర్వాత ఎమిలీ కూడా అక్కడికే వెళ్లింది. భర్తకు తెలిసే వెళ్లింది. ఆ కాలపు ఫ్రెంచి పెద్దింటి మర్యాదలు వేరు, మన కొలకర్ర అక్కడ పనికిరాదు. ఆ కోటలో ఇద్దరూ పగలూ రాత్రీ న్యూటన్‌ను చదివారు. 1738లో వోల్టేరు పేరుతో న్యూటన్ సిద్ధాంతాలను వివరించే పుస్తకం వచ్చింది. అందులోని లెక్కల్లో ఎమిలీ సాయం ఎంతో ఉంది. ఆయనా ఆ మాట దాచలేదు. పుస్తకం మొదట ఒక బొమ్మ ఉంటుంది. న్యూటన్ నుంచి వచ్చే వెలుగును మబ్బుల్లో ఉన్న ఒక స్త్రీ చేతిలోని అద్దం పట్టి కింద రాసుకుంటున్న వోల్టేరు మీదికి మళ్లిస్తుంటుంది. ఆ స్త్రీ ఎమిలీయే అంటారు. అయినా సరే, వోల్టేరుకు ఈ పుస్తకం ఎవరో రాసిచ్చారట అని ఎవరూ గుసగుసలాడలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

అంతకు ముందు సంవత్సరం ఇంకొకటి జరిగింది. అగ్ని స్వభావం ఏమిటి అనే విషయం మీద అకాడమీ పోటీ పెట్టింది. వోల్టేరు సిరేలో ఇనుము కాల్పించి, తూకం వేయించి, నిప్పుకు బరువు ఉందని తేల్చే ప్రయత్నంలో పడ్డాడు. పక్కనే ఉండి చూసిన ఎమిలీకి అది తప్పనిపించింది. ఎదురు చెప్పి గొడవ పడే బదులు తనే రహస్యంగా ఒక వ్యాసం రాసింది. రాత్రుళ్లు రాసేది. నిద్ర ముంచుకొస్తే చేతులు మంచునీళ్లలో పెట్టుకునేదట. పరీక్షల ముందు మన హాస్టల్లో ఫ్లాస్కుల కొద్దీ కాఫీ తాగేవాళ్లకు ఇది కొత్త ఉపాయం! నిప్పుకు బరువు లేదని రాసింది. వేర్వేరు రంగుల కాంతిలో వేర్వేరు వేడి ఉండవచ్చని కూడా ఊహించింది. బహుమతి ఇద్దరికీ రాలేదు, ఆయిలరుకూ మరో ఇద్దరికీ పంచారు. అయితే ఆమె వ్యాసాన్నీ వోల్టేరు వ్యాసాన్నీ అకాడమీ 1739లో అచ్చువేసింది. ఎమిలీ వ్యాసం దగ్గర పేరు వేయలేదు. గొప్పింటి యువతి రాసిందని మాత్రం చెప్పి ఊరుకున్నారు.

ఇక అసలు తగాదాకు వద్దాం. ఎమిలీ తన కొడుకు చదువుకోసమని ఒక భౌతికశాస్త్ర గ్రంథం రాయడం మొదలుపెట్టింది. 1738లోనే అది సెన్సారు అధికారి ఆమోదం పొంది ప్రెస్సుకు చేరింది. ఈలోగా జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఆలోచనలు ఆమెను పట్టుకున్నాయి. అచ్చు ఆపించి మొదటి అధ్యాయాలు తిరగరాసింది. 1739లో మొపెర్త్యుయి సిఫారసు మీద సామ్యూల్ కోనిగ్ అనే స్విట్జర్లండు గణితజ్ఞుడు ఆమెకు పాఠాలు చెప్పడానికి వచ్చాడు. లైబ్నిజ్ తత్వం వివరించడంలో అతడి సాయం ఉన్న మాట నిజం. కొన్నాళ్లకు ఇద్దరికీ చెడింది. కోనిగ్ పారిస్ వెళ్లి, ఆ పుస్తకం తన పాఠాలే తప్ప ఆవిడ సొంతం ఏమీ లేదని చెప్పడం మొదలుపెట్టాడు. పుస్తకం 1740 చివర బయటికి వచ్చేసరికి ఈ పుకారు దానికంటే ముందే ఊరంతా తిరిగింది. అతడు రాకముందే పుస్తకం సెన్సారు బల్ల మీద ఉందని ఎవరికి పట్టింది? తనకు సాక్ష్యం చెప్పమని ఎమిలీ మొపెర్త్యుయికి ఉత్తరాలు రాసుకోవలసి వచ్చింది. పైగా పుస్తకం మీద ఆమె పేరు లేదు. పేరు లేని పుస్తకాన్ని ఎవరికైనా అంటగట్టవచ్చు.

ఆ పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది నిప్పు. కదిలే వస్తువు బలాన్ని బరువును వేగంతో హెచ్చించి కొలవాలని డెకార్ట్ వర్గం అనేది. కాదు, వేగాన్ని వేగంతోనే మళ్లీ హెచ్చించాలని లైబ్నిజ్ వర్గం. హాలండులో గ్రావెసాండె అనే ఆయన ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద పడేసి చూశాడు. ఒక గుండును నాలుగింతల ఎత్తు నుంచి వదిలితే అది మట్టిని తాకే వేగం రెండింతలే అవుతుంది, కాని గుంట నాలుగింతలు పడుతుంది. ఇంతకంటే ఏం కావాలి అని ఎమిలీ వాదన. 1728లో మేరాన్ అనే అకాడమీ సభ్యుడు దీనికి ఎదురు వ్యాసం రాశాడు. పైకి విసిరిన వస్తువు వేగం తగ్గకుండా పోయి ఉంటే ఎంత దూరం పోయేదో, అందులో పోకుండా మిగిలినది ఎంతో, ఆ మిగులును బట్టి బలాన్ని కొలవాలని ఆయన పద్ధతి. ఎమిలీ ఆ వ్యాసాన్ని పేరు పెట్టి ఖండించింది. దారిలో ఖర్చయిపోయిన బలాన్ని ఖర్చు కానట్టు ఊహించి లెక్కగట్టడం ఎలా కుదురుతుందని నిలదీసింది.

మేరాన్ అప్పుడే అకాడమీ కార్యదర్శి పదవిలోకి వచ్చాడు. ఒక ఆడమనిషి, అదీ అకాడమీలో లేని మనిషి, అచ్చులో తన తప్పు పట్టింది. 1741 ఫిబ్రవరి 18 తేదీతో ఆయన ఒక బహిరంగ లేఖ అచ్చువేశాడు. ఎవరికి రాశాడో ఆ పేరు ఉండవలసిన చోట మూడు నక్షత్రాల గుర్తులు. పైకి ఎంతో మర్యాద, లోపల అన్నీ ముళ్లే. తన వ్యాసాన్ని ఆవిడ సరిగా చదవలేదు, మళ్లీ శ్రద్ధగా చదవాలి అన్నాడు. అగ్ని వ్యాసంలో ఇదే వ్యాసాన్ని మెచ్చుకున్న మనిషి ఇప్పుడు మాట మార్చిందంటే వెనక ఎవరో ఉన్నారని సూచించాడు. ఆ ఎవరో ఎవరని పారిస్‌లో ఎవర్నీ అడగనక్కరలేదు, కోనిగ్ కథ అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది.

ఎమిలీ అప్పుడు భర్త వైపు ఆస్తి దావా కోసం బ్రస్సెల్స్‌లో ఉంది. లాయర్ల చుట్టూ తిరుగుతూనే మార్చి 26 తేదీతో జవాబు అచ్చువేసింది. మేరాన్ ఒక్కో మాటా తీసుకుని, దాని పక్కన తన అభ్యంతరం పెట్టి, ఒక్కొక్కటే విప్పింది. చదవమన్నారు గనక మళ్లీ చదివాననీ, చదివిన కొద్దీ తప్పు తప్పుగానే కనిపిస్తోందనీ భావం వచ్చేలా రాసింది. మర్యాదలో ఆయనకు తీసిపోలేదు, ముళ్లలో అసలే తీసిపోలేదు. మేరాన్ ఆ తర్వాత కిక్కురుమనలేదు. పెద్దమనిషి గనక ఆడదానితో వాదం పెంచుకోలేదని సర్దిచెప్పుకోవచ్చు. కాని ఉత్తరం అచ్చువేసి వీధికెక్కించింది ఆయనే కదా.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వోల్టేరు ధోరణి. ఈ విషయంలో ఆయన ఎమిలీ పక్షం కాదు. అదే 1741లో మేరాన్ వైపే వాదిస్తూ అకాడమీకి వ్యాసం పంపాడు. ఒకే కప్పు కింద ఉండి ఇలా బాహాటంగా విభేదించుకోవడం, అయినా కలిసి ఉండడం, ఆ తత్వవేత్తల్లో ఇంకెవరికి చేతనైందో నాకు తెలియదు.

రెండేళ్ల తర్వాత దాలంబేరు ఇదంతా మాటల తగాదా అని తీసిపారేశాడు. అది పూర్తిగా న్యాయం కాదనుకుంటాను. వేగంతో హెచ్చించిన కొలత ఒకటీ, వేగాన్ని రెండుసార్లు హెచ్చించిన కొలత ఇంకొకటీ, రెండూ ఈవేళ మన ఫిజిక్సు అమ్మాయిల పుస్తకాల్లో వేర్వేరు పేర్లతో ఉన్నాయి. ఎమిలీ పట్టుబట్టిన రెండో కొలతను సగం చేస్తే వాళ్లు గతిశక్తి అంటారు. జర్మనీలో కాంట్ అనే కుర్రవాడు తన మొట్టమొదటి పుస్తకం ఈ తగవు మీదే రాస్తూ ఆమెనూ మేరాన్‌నూ ఇద్దరినీ ప్రస్తావించాడు.

1742లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆమె గ్రంథం రెండోసారి అచ్చయింది. ఈసారి మొదటి పేజీలో పూర్తి పేరు, ఎదురుగా ఆమె బొమ్మ, వెనక మేరాన్‌తో నడిచిన ఉత్తరాల తగాదా అంతా కలిపి. మూడు నక్షత్రాలు పోయాయి. మరుసటి ఏడు జర్మన్‌లోకీ ఇటాలియన్‌లోకీ అనువాదమైంది. 1746లో ఇటలీలోని బొలోన్యా అకాడమీ ఆమెను సభ్యురాలిని చేసుకుంది. సొంత ఊరి అకాడమీ మాత్రం చివరిదాకా చేసుకోలేదు.

ఆమెను దేవతను చెయ్యాలని నాకు లేదు. జూదం పిచ్చి ఉండేది. ఫాంతెన్‌బ్లో రాజభవనంలో పేకాటలో పెద్ద ఆస్తే పోగొట్టుకుంది. కోపమూ ఎక్కువే. ఆమెను ఎగతాళి చేస్తూ రాసిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

1745 ప్రాంతంలో న్యూటన్ ప్రిన్సిపియాను లాటిను నుంచి ఫ్రెంచిలోకి తేవడానికి పూనుకుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే మనకు ఆ కష్టం కొంచెం తెలుస్తుంది. భాష మార్చడంతో ఆగలేదు, న్యూటన్ పాత పద్ధతిలో చెప్పినవాటిని కొత్త గణితంలో వివరిస్తూ వ్యాఖ్యానం చేర్చింది. 1749లో నలభై రెండేళ్ల వయసులో మళ్లీ గర్భవతి అయింది. బిడ్డ తండ్రి సాంలంబేరు అనే కవి. ఆ వయసు కాన్పు నుంచి బతికి బయటపడనని ఆమెకు గట్టి అనుమానం. తెల్లవారుజాము దాకా కూర్చుని రాసేది. మనుషులను కలవడం మానేసింది, లెక్కలు సరిచూసే క్లెరోను తప్ప. సెప్టెంబరు 4న లూనెవిల్‌లో ఆడపిల్ల పుట్టింది. కాన్పు తేలికగా అయిందని, పసిపాపను ఒక లెక్కల పుస్తకం మీద పడుకోబెట్టారని వోల్టేరు సరదాగా స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు అందరికీ చేరాయో లేదో, 10వ తేదీన జ్వరంతో ఎమిలీ చనిపోయింది. అంతకు కాస్త ముందే రాతప్రతిని రాజుగారి గ్రంథాలయానికి పంపించింది. పాప కూడా రెండేళ్లు నిండకుండానే పోయింది.

మూడేళ్లకు ఆ పాత గురువులిద్దరూ, మొపెర్త్యుయి, కోనిగ్, బెర్లిన్ అకాడమీ వేదికగా బాహాబాహీకి దిగారు. వోల్టేరు ఎవరి పక్షం చేరాడనుకున్నారు? కోనిగ్ పక్షం! మొపెర్త్యుయిని వెక్కిరిస్తూ ఆయన రాసిన పుస్తకాన్ని ఫ్రెడరిక్ రాజు 1752 డిసెంబరులో వీధిలో తగలబెట్టించాడు.

ఎమిలీ అనువాదం పూర్తిగా అచ్చయింది 1759లో. హాలీ తోకచుక్క లెక్క ప్రకారం తిరిగి వచ్చి, న్యూటన్ పేరు మళ్లీ అందరి నోళ్లలో పడిన ఏడాది అది. మొదటి పేజీ మీద ఆమె పేరుంది. ఫ్రెంచిలో ప్రిన్సిపియా అంటే ఇప్పటికీ ఆ అనువాదమే. వ్యాఖ్యానంలో ఎక్కువ భాగం క్లెరోదేనన్న మాట ఆ తర్వాతా వినిపిస్తూనే వచ్చింది. ఆమె పంపిన కాగితాలు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆమె చేతిరాతే, ఆమె కొట్టివేతలే, పక్కన మళ్లీ ఆమె చేత్తోనే దిద్దుబాట్లు.