పాటల పేర్లు రాసిపెట్టిన సోమన

మాది ఆళ్లగడ్డ. పోయిన శివరాత్రికి ఆత్మకూరు నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచాను. నా వెనక ఒక పెద్దావిడ దారంతా పాడుతూనే వచ్చింది. మా అవ్వ కూడా అలాగే పాడేది. అవ్వ పోయి రెండేళ్లయింది. నా ఫోన్‌లో ఆమె ఫోటోలు బోలెడు ఉన్నాయి, పాట మాత్రం ఒక్కటీ లేదు. ఆ బాధతోనే ఇంటికొచ్చి పాల్కురికి సోమనాథుడి గురించి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కదా, అక్షరాల కింద వేలు పెట్టుకుని మెల్లగా చదివాను.

సోమన కాకతీయుల కాలం నాటి శైవకవి. ఊరు ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి అంటారు. సంస్కృతం, కన్నడం కూడా బాగా వచ్చినవాడు. అప్పట్లో పండితులు మెచ్చుకోవాలంటే పెద్ద పెద్ద సమాసాలతో వృత్తపద్యాలు రాయాలి. ఆయనకు అదీ చేతనవును. అయినా బసవపురాణాన్ని ద్విపదలో, జనం మాట్లాడే జాను తెనుగులో రాశాడు. ద్విపద అంటే రెండేసి పాదాలు, పాడుకోవడానికి వీలుగా ఉంటుంది. చదువు రానివాళ్లు కూడా విని గుర్తుపెట్టుకోగలరు. అందులో కుమ్మరి గుండయ్య, చాకలి మాచయ్య లాంటి భక్తుల కథలున్నాయి. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తెచ్చాడు. అంటే కన్నడనాట పుట్టిన బసవన్న కథ మన తెలుగు ద్విపద నుంచి మళ్లీ కన్నడానికి చేరింది!

ఆ తర్వాత రాసింది పండితారాధ్య చరిత్ర. దాని చివరి భాగం పర్వత ప్రకరణం, అందులో ఉన్నది మన శ్రీశైలమే. శివరాత్రికి కొండకు వచ్చే జనం ఏమేం పాడతారో వరసగా చెప్తాడు: తుమ్మెద పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. మన జానపద గేయాల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఈ పేర్లు తలుచుకుంటారు.

ఇది చదువుతుంటే నాకు హంగేరీ సంగీతకారుడు బేలా బార్టోక్ గుర్తొచ్చాడు. వాళ్ల దేశంలో చదువుకున్నవాళ్లకు జర్మన్ సంగీతమే గొప్పగా అనిపించే రోజుల్లో ఆయన, ఆయన స్నేహితుడు కొడాయ్ ఫోనోగ్రాఫ్ మోసుకుని పల్లెలు తిరిగారు. రైతులు పాడినవి మైనపు గొట్టాల మీద రికార్డు చేసుకున్నారు. 1906లో పల్లెపాటల పుస్తకం వేశారు. హంగేరీ వాళ్లు తమ సంగీతం ఏదో తెలుసుకున్నది అలాగే. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందు, ఏ మెషీనూ లేని కాలంలో సోమన కనీసం పేర్లైనా దాచిపెట్టాడు.

సోమన కర్ణాటకలోని కలికె అనే ఊళ్లో శివైక్యం చెందాడని చెప్తారు.

పోయిన ఆదివారం అమ్మను కూర్చోబెట్టి అవ్వ పాట ఒకటి రికార్డు చేశాను. రెండో చరణం అమ్మకు ఎంతకీ గుర్తు రాలేదు. నోట్‌బుక్‌లో ఆ చోటు ఖాళీగా వదిలేశాను. వచ్చే శివరాత్రికి మళ్లీ అదే దారిలో నడుస్తాను, ఎవరికైనా తెలుసేమో అడుగుతాను. మీ ఇంట్లో పాడేవాళ్లు ఉంటే మాత్రం ఈ సెలవుల్లోనే అడగండి ఫ్రెండ్స్.