డాక్టర్ అయ్యగారి సాంబశివరావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో మోగల్లు అను గ్రామము కలదు. అల్లూరి సీతారామరాజు పూర్వుల ఊరుగా అది తెలుగువారికి సుపరిచితము. ఆ గ్రామముననే 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన అయ్యగారి సాంబశివరావుగారు జన్మించిరి. సీతారామరాజు అడవులలో పోరాడి పరపాలనను ధిక్కరించెను. సాంబశివరావుగారు ప్రయోగశాలలో శ్రమించి, యంత్రపరికరముల విషయమున దేశమునకు గల పరాధీనతను తొలగింప యత్నించిరి.

రావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో ఎం.ఎస్‌సి. పట్టమును పొంది, అచటనే కొంతకాలము అధ్యాపకులుగా పనిచేసిరి. పిమ్మట టాటావారి విద్యార్థివేతనముతో అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు అభ్యసించిరి. అచటి చదువు ముగిసిన తరువాత స్వదేశమునకు మరలి వచ్చి, హోమీ భాభా నాయకత్వమున సాగుచున్న పరమాణు పరిశోధనలో చేరిరి.

ఆ దినములలో మన దేశమున ఎలక్ట్రానిక్సు పరిశ్రమ శైశవదశలో ఉండెను. సున్నితమైన కొలత పరికరము కావలెనన్న విదేశములకు వ్రాయవలసినదే. అది ఓడలో వచ్చువరకు పని ఆగిపోవును. వచ్చిన పరికరము చెడిపోయినచో బాగుచేయువారు దొరకరు. కొన్న వస్తువును వాడుట మాత్రమే తెలిసిన దేశము, అమ్మిన వాని దయపై ఆధారపడక తప్పదు. అందుచేత పరికరములను ఇచటనే నిర్మింపవలెనని పరమాణు శాఖవారు సంకల్పించిరి. ట్రాంబేలో ఆ భారమును వహించిన వారిలో రావుగారు ముఖ్యులు.

వారి సామర్థ్యమునకు తొలి గొప్ప పరీక్ష అప్సర అను పరమాణు రియాక్టరు. దాని యింధనము బ్రిటన్ నుండి వచ్చెను. నియంత్రణ వ్యవస్థను మాత్రము రావుగారి బృందము స్వయముగా నిర్మించెను. రియాక్టరులో న్యూట్రానుల సంఖ్య క్షణములలో పెరుగగలదు. ఆ పెరుగుదలను అత్యల్పమైన విద్యుత్ప్రవాహముగా గుర్తించి, దానిని హెచ్చించి, నియంత్రణ కడ్డీలను తగిన వేళకు దింపు యంత్రములు ఒక్క క్షణమైనను ఏమరరాదు. నాటి వాల్వులలో ఏ రెండును సరిగ్గా ఒక్క తీరున పనిచేయవు. భాగములలో తేడాలున్నను మొత్తము యంత్రమును నమ్మదగినదిగా కూర్చుటయే ఇంజనీరు నేర్పు. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయ నారంభించెను.

1963లో ప్రభుత్వము భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్సు సంఘమును నియమించెను. అందు రావుగారును సభ్యులు. ఈ పరిశ్రమ దేశమున వేరూనవలెనన్న చిన్న భాగములు మొదలు పెద్ద యంత్రముల వరకు ఇచటనే తయారు కావలసియుండెను. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అవతరించెను. ట్రాంబేలో పరికరములు చేసి చేయి తిరిగిన బృందము దానికి పునాది అయ్యెను. రావుగారు దాని తొలి మేనేజింగ్ డైరెక్టరుగా 1978 వరకు పనిచేసిరి. 1969లో ఆ సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. కాలక్రమమున ఇ.సి. టెలివిజన్ పెట్టెలు సామాన్యుల యిండ్లకు చేరెను.

ఆ కాలపు టెలివిజన్ పెట్టెలకు త్రిప్పుడు మరలు ఉండెడివి. ఒకటి ధ్వనిని, ఒకటి వెలుగును సరిచేయును. అట్టి మర వెనుక దాగియుండు చిన్న సాధనమే పొటెన్షియోమీటరు. గుర్రపు నాడా వలె వంచిన కర్బనపు పట్టీ, దానిపై జారు లోహపు నాలుక, మూడు కాళ్లు, ఇంతే దాని నిర్మాణము. పట్టీ కొనల మధ్య 5 వోల్టులుంచి మరను త్రిప్పినచో, నడిమి కాలి వద్ద సున్న మొదలు 5 వరకు కోరిన వోల్టేజి లభించును.

నేడు హైదరాబాదు నడిబొడ్డున నున్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములకు శిక్షణకై ఎందరో విద్యార్థులు వచ్చుచుందురు. వారిలో ఎలక్ట్రానిక్సు ప్రాజెక్టులు చేయువారి సంచులలో ఈ చౌక సాధనము తప్పక ఉండును. చౌక గనుక దానికి లోపములును కలవు. 10 కిలో ఓములని వ్రాసియున్నను లోపల 8 ఉండవచ్చును, 12 ఉండవచ్చును. దుమ్ము చేరినచో స్పీకరు బరబరలాడును. ఎక్కువ కరెంటు పారినచో పట్టీ మాడిపోవును.

ఈ లోపము లెరిగినవాడు దానిని పారవేయడు. మూడు కాళ్లను వాడి వోల్టేజిని పంచినచో, నడిమి కాలి నుండి కొద్ది కరెంటునే తీసినంతవరకు, విలువ 8 అయినను 12 అయినను సగము త్రిప్పునకు దాదాపు సగము వోల్టేజియే వచ్చును. మరింత సున్నితముగా సరిచేయవలెనన్న 10 కిలో ఓముల పట్టీకి ఇరుప్రక్కల 20 కిలో ఓముల స్థిర నిరోధములను చేర్పవలెను. అప్పుడు మర ఈ చివర నుండి ఆ చివరకు తిరిగినను వోల్టేజి 2 నుండి 3 వరకే మారును. మోటారును నడుపు భారమును ట్రాన్సిస్టరునకు అప్పగించి, పొటెన్షియోమీటరుచే ఆజ్ఞను మాత్రము ఇప్పింపవలెను. భాగము యొక్క బలహీనతను ముందే తెలిసికొని దానికి తగిన కూర్పు చేయుట, అప్సర యంత్రమునందును విద్యార్థి బల్లమీదను ఒక్కటే విద్య.

ప్రభుత్వము రావుగారిని 1960లో పద్మశ్రీతోను, 1972లో పద్మభూషణ్‌తోను గౌరవించెను. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము లభించెను. 2003 అక్టోబరు 31న వారు పరమపదించిరి. హైదరాబాదునకు ఈశాన్యమున, వారి సంస్థకు చేరువలో, ఎ.ఎస్. రావు నగర్ అను పేట వారి పేర వెలసియున్నది. నేడు చిల్లర డబ్బులతో కొన్న పొటెన్షియోమీటరును చేతబట్టి, అది ఎట్లు పనిచేయునో విప్పి చూచు బాలుడు రావుగారు నడచిన త్రోవలో తొలి అడుగు వేసినవాడే యగును.