సెలవు పెట్టని లూ గెహ్రిగ్

సర్వీసు మొత్తంలో ఒక్క క్యాజువల్ లీవు కూడా వాడనివారు మన ఆఫీసుల్లో ఒకరిద్దరుండేవారు. వారిని చాటుగా వేళాకోళం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు లూ గెహ్రిగ్ జీవితం చదువుతుంటే వారే గుర్తుకొచ్చారు. 1925 జూన్ 1 నుంచి 1939 ఏప్రిల్ 30 వరకు న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆడిన 2,130 ఆటల్లో ఆయన ఒక్కటీ మానలేదు.

ఆయన 1903లో న్యూయార్క్‌లో, జర్మనీ నుంచి వచ్చిన బీద దంపతులకు పుట్టారు. కొలంబియా యూనివర్సిటీ చదువు మధ్యలో వదిలి ఆటలోకి వెళ్లారు.

1938లో ఆట మందగించింది. 1939 మే 2న తనంతట తానే మేనేజరు దగ్గరికి వెళ్లి, తనను తప్పించమన్నారు. జూన్‌లో మేయో క్లినిక్‌లో పరీక్షలు చేశారు. సరిగ్గా ముప్పై ఆరవ పుట్టినరోజున జబ్బు పేరు తేలింది: ఎ.ఎల్.ఎస్. కండరాలను ఆడించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే అరుదైన వ్యాధి. తెలివి మాత్రం చాలామందికి చివరిదాకా ఉంటుంది.

మందు లేదు. అయినా విటమిన్ బి-1 సూదులు వేశారు. తరువాత న్యూయార్క్ నరాల వైద్యుడు ఇజ్రాయెల్ వెక్స్‌లర్ విటమిన్ ఇ మొదలుపెట్టారు. ఆ విటమిన్ లోపించిన ఎలుకలకు కాళ్లు పడిపోవడం ప్రయోగశాలల్లో చూశారు కనుక, మనుషులకూ పనిచేస్తుందేమోనని ఆశ. మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పోల్చి చూసే పద్ధతి అప్పటికి ఇంకా అంతగా వాడుకలోకి రాలేదు. కొందరికి నయమైనట్టు కనిపించింది గాని, తరువాత వాడిన వైద్యులకు ఆ ఫలితం రాలేదు. గెహ్రిగ్ మాత్రం తన ఒంట్లో కనిపించే మార్పులు మేయో డాక్టరుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

జబ్బు ఆగడానికి సగానికి సగం అవకాశముందని ఆయన నమ్మారు. అసలు సంగతి భార్య ఎలినార్‌కు తెలుసు. ఆయనకు చెప్పవద్దని డాక్టర్లను కోరింది ఆమే. మన ఇళ్లలోనూ అలాగే దాస్తాం. ఆమెను తప్పుపట్టలేను. కానీ సూదులు పొడిపించుకుంటున్నది ఆయన కదా, తెలియాలి కదా అని కూడా అనిపిస్తుంది.

ఈ జబ్బులో ప్రాణాన్ని కొద్ది నెలలైనా పొడిగించే మొదటి మందు రిలుజోల్. దానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది 1995లో.

ఆట మానాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. మేయర్ లా గార్డియా ఆయనను ఖైదీల పెరోల్ కమిషనర్‌గా నియమించారు. 1940 జనవరిలో చార్జి తీసుకున్నారు. ఆఫీసుకు వెళ్లి ఫైళ్లు చూసేవారు. చేతిలో సత్తువ తగ్గాక, సంతకం పెట్టవలసి వస్తే ఎలినార్ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించేది. నలభై ఏళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. అక్కడ పుస్తకం కాసేపు మూశాను.

ఇక చేతకాదని తేలినప్పుడు నిశ్శబ్దంగా రాజీనామా ఇచ్చారు. దాదాపు నెల తరువాత, 1941 జూన్ 2న ఇంట్లోనే కన్నుమూశారు. అప్పటికి ముప్పై ఏడేళ్లు.