ఎముకల జమాఖర్చు రాసిన డాక్టర్ ఆల్‌బ్రైట్

ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని మన ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. మగవాళ్ల ఎముకలకూ హార్మోన్లకూ ఉన్న సంబంధాన్ని ఓపిగ్గా పరిశీలించిన తొలితరం వైద్యుల్లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ ముఖ్యులు.

ఆయన 1900లో అమెరికాలోని బఫెలోలో సంపన్న కుటుంబంలో పుట్టారు. 1924లో హార్వర్డ్‌లో వైద్యవిద్య ముగించారు. కొంతకాలం వియన్నాలో పనిచేసి వచ్చి, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో స్థిరపడ్డారు. ఆయన పద్ధతి కిరాణా కొట్టు చిట్టా లాంటిది. రోగి తినేదంతా తూచేవారు, మలమూత్రాలు దాచి పరీక్షించేవారు. ఒంట్లోకి వెళ్లిన కాల్షియం ఎంత, బయటికొచ్చింది ఎంత అని రోజుల తరబడి లెక్క కట్టేవారు. (రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి ఆ కాలపు ప్రయోగశాలలు విరివిగా వాడింది ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావే.)

బహిష్టు ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గడం వల్లే ఎముకలు గుల్లబారుతున్నాయని ఆల్‌బ్రైట్ 1940 దశకం మొదట్లో వాదించారు. ఆయన దృష్టిలో ఎముక వట్టి సున్నం కాదు. మాంసకృత్తుల అల్లిక మీద సున్నం పేరుకుంటుంది. ఆ అల్లికే ఆగిపోతే ఎంత కాల్షియం మింగినా నిలవదు.

1942లో చిన్న వృషణాలు, పెరిగిన రొమ్ములు ఉన్న 9 మంది మగవాళ్ల గురించి ఆయన బృందం వ్యాసం ప్రచురించింది. టెస్టోస్టెరాన్ లోపంతో ఎముకలూ బలహీనపడే స్థితి అది. వ్యాసంలో మొదటి పేరు తన దగ్గర పనిచేస్తున్న కుర్ర డాక్టరు క్లైన్‌ఫెల్టర్‌కే వదిలేశారు. అందుకే ఆ స్థితిని నేటికీ క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అనే అంటారు. పెద్ద డాక్టర్లలో అంత మనసు అరుదు.

1947లో రైఫెన్‌స్టైన్‌తో కలిసి మరో లెక్క బయటపెట్టారు. టెస్టోస్టెరాన్ ఇచ్చిన రోగుల శరీరం కాల్షియంను ఎక్కువగా పట్టి ఉంచుకుంటోంది. అయితే కాల్షియం నిలవడం ఒకటి, ఎముక విరగకపోవడం మరొకటి. 2024లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ హార్మోన్ తక్కువగా ఉన్న సుమారు 5,000 మంది మగవాళ్లను గమనిస్తే, టెస్టోస్టెరాన్ జెల్ వాడినవారిలోనే ఎముకలు ఎక్కువగా విరిగాయి.

నలభై నిండకముందే ఆల్‌బ్రైట్‌కు పార్కిన్సన్ జబ్బు పట్టుకుంది. చేతులు వణుకుతున్నా రోగుల్ని చూడటం మానలేదు. 1956లో మెదడుకు ఆపరేషన్ చేయించుకున్నారు. అందులో రక్తస్రావమై మాట పడిపోయింది. తాను అన్నేళ్లు పనిచేసిన హాస్పిటల్‌లోనే మంచం మీద 13 ఏళ్లు గడిపి, 1969 డిసెంబరులో కన్నుమూశారు.